చీపురు బండి కాన్వాయ్

నాగావళిపురం నగరపాలక సంస్థలో పరుగెత్తిన అధికారి అంతవరకూ ఒక్కడూ లేడు. కమిషనర్ త్రివిక్రమరావు గారైతే పక్క గదిలో మీటింగుకి కూడా కారేదని అడిగే మనిషి. మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచిన దేవుడి పేరు పెట్టారు తల్లిదండ్రులు. ఆయన మొదటి అడుగు దగ్గరే తృప్తి పడిపోయారు. అలాంటి సంస్థకి ఉన్నట్టుండి పరుగు జబ్బు పట్టుకుంది.

జబ్బు ఫ్రాన్సు నుంచి వచ్చింది. ఆ దేశానికి ఉత్తరాన బ్రెలికూర్ అని ఒక చిన్న ఊరుంది. ఎర్ర ఇటుకల ఇళ్ళు, బీట్ దుంపల పొలాలు, ఏడాది పొడుగునా సముద్రపు గాలి. ఆ ఊరికీ నాగావళిపురానికీ స్నేహనగర ఒప్పందం ఉంది. ఎందుకుందో రెండు ఊళ్ళకూ తెలీదు. బ్రెలికూర్ వాళ్ళు ఏటా మారథాన్ పెడతారు. "మీ ఊళ్ళో పరుగెత్తేవాళ్ళుంటే పంపండి, మా ఇళ్ళలోనే ఉంచుకుంటాం" అని ఈసారి కబురు పెట్టారు పాపం, మంచి మనసుతో.

'పరుగెత్తేవాళ్ళు' అనే మాట మీద కౌన్సిల్లో హోరాహోరీ చర్చ జరిగింది. పరుగెత్తగలవారు, పరుగెత్తదలచినవారు, పరుగును పర్యవేక్షించువారు అందరూ ఆ మాట కిందికే వస్తారని ఏకగ్రీవంగా తీర్మానించి, పదకొండు మందిని ఎంపిక చేశారు. అందులో పది మంది అధికారులు. పదకొండో మనిషి గొర్లె నూకరత్నం. అధికారుల్లో ఎవరికీ పరుగెత్తడం రాదు కాబట్టి, వచ్చినవాళ్ళు ఒకరైనా ఉండకపోతే బాగుండదని ఆమెను చేర్చారు.

నూకరత్నం కుక్కలు పట్టే విభాగంలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. బడి రోజుల్నుంచీ జిల్లా పరుగు పందేల్లో ఆమెను కొట్టినవాళ్ళు లేరు. వినయం గినయం ఆమెకు పడవు. "కుక్క తరిమితే ఎవుడైనా పరిగెడతాడు. కుక్కని తరిమి పట్టుకోడం ఈ నూకరత్నానికే సెల్లింది" అని పదిమందిలో తానే చెప్పుకునేది. చెప్పుకోవడంలో తప్పు లేదు, నిజమే కాబట్టి.

కానీ ఆమె పనిచేసే ఏజెన్సీ గడువు తీరవచ్చింది. కొత్త ఏజెన్సీవాడు తన మనుషుల్ని తాను తెచ్చుకుంటాడు. అంటే ఉద్యోగం హుష్ కాకి. మొగుడు ఆటో బోల్తాపడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఆడపిల్ల అప్పుడే బళ్ళో పడింది. ఇల్లు గడిచేది ఆమె కాళ్ళ మీదే. ఇక మిగిలింది ఒక్కటే దారి. అంతర్జాతీయ పరుగులో మొదటి పది స్థానాల్లో నిలిచిన సిబ్బందిని పర్మినెంటు చేయవచ్చునని ఎప్పటిదో ఒక ఉత్తర్వు ఉంది. ఎవరూ ఎప్పటికీ నిలవరన్న ధీమాతో ఇచ్చిన ఉత్తర్వు అది. నూకరత్నం దాన్ని నమ్ముకుంది. ఆడాళ్ళలో పది మందిలోపు రావడం తనకి ఏపాటి అనుకుంది.

అంతా సవ్యంగా ఉండగా ఆడిట్ వాళ్ళు మోకాలడ్డారు. పదకొండు టికెట్లూ 'క్రీడాకారులు' అన్న పద్దు కింద తీశారు కనుక, వెళ్ళినవాళ్ళందరూ ఛాతీకి నంబరు తగిలించుకుని ఆ రోడ్డు మీద ఉండి తీరాలన్నారు. అధికారుల గుండెల్లో రాయి పడింది. అప్పుడు రంగంలోకి దిగారు ఆఫీసు మేనేజరు భుజంగరావు గారు.

భుజంగరావు గారు ఉగ్గుపాలతో సర్వీసు రూల్సు రంగరించి తాగిన మనిషి. అందరూ అంత దూరం ఎలా పరుగెత్తడమా అని బెంగపడుతుంటే, ఆయనకి అసలు ప్రమాదం కనిపించింది. పరుగంటే ఒకరిని దాటి ఒకరు పోవడం. రేపు పరాయి దేశంలో, నలుగురూ చూస్తుండగా, కింది ఉద్యోగి పై అధికారిని దాటిపోతే? సాయంత్రానికల్లా సర్క్యులర్ తయారైంది.

"పరుగు అనునది కార్యాలయ విధులలో భాగమైనందున, ఏ ఉద్యోగియు తనకంటె పై హోదాలోని అధికారిని లిఖితపూర్వక అనుమతి లేనిదే దాటరాదు. పై అధికారి ఆగినచో కింది ఉద్యోగి తానున్నచోటనే నిలిచి కాళ్ళు ఆడించుచుండవలెను. పై అధికారి ఆయాసపడినచో కింది ఉద్యోగులు అంతకు తగ్గకుండా ఆయాసపడవలెను."

మర్నాడే స్టేడియంలో రిహార్సల్. అందరికంటే ముందు కమిషనర్ గారు, ఇస్త్రీ మడత నలగని ట్రాక్ సూటులో. ఆ వెనక అదనపు కమిషనర్, ఆ వెనక ఇంజనీరు, హెల్త్ ఆఫీసరు, అలా హోదా తగ్గుతూ తగ్గుతూ పదో మనిషి భుజంగరావు గారు. అందరికంటే చివర నూకరత్నం. మలుపు దగ్గర కమిషనర్ గారికి ఫోన్ వచ్చింది. ఆగారు. పది మందీ ఆగి అక్కడికక్కడే కాళ్ళాడించారు. ఫోన్లో ఎవరో జోకేసినట్టున్నారు, ఆయన నవ్వారు. వరస వరసంతా నవ్వింది.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. రిహార్సల్ కాగానే మేనేజరు గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఈ లెక్కన కమిషనర్ గారు ఎనకబడితే నాను కూడా ఎనకబడాల. మరి మొదటి పది మందిలోకి నానెలగ వొస్తాను?"

"అది స్పోర్ట్స్ సెక్షన్ విషయం నూకరత్నం. నాది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్."

"రెండు సెక్షన్లకీ పరిగెట్టీదాన్ని నానొక్కర్తినే కదా సార్?"

"అందుకే రెంటికీ లోబడి పరుగెత్తాలి" అన్నారాయన చల్లగా.

బ్రెలికూర్‌లో వాళ్ళకి దుబాసీగా సూరిబాబు అని ఒకాయన దొరికాడు. యానాం మనిషి. కుర్రతనంలో ఫ్రెంచి సైన్యంలో చేరి, పింఛను పుచ్చుకుని, అక్కడి పిల్లనే కట్టుకుని ఆ ఊళ్ళోనే స్థిరపడిపోయాడు. ఎన్నేళ్ళున్నా నోట్లోంచి గోదావరి మాత్రం పోలేదు. నూకరత్నం ఆయనింట్లోనే దిగింది. ఆమె గొడవంతా విని ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

"అదేటమ్మా! పరుగు పందెంలో ముందోణ్ణి దాటకూడదంటే ఇంకెందుకండి పందెం? ఇక్కడ మేయరు గారిని మా పాలవాడు ప్రతి ఏడూ దాటేత్తాడండి. ఆయన చప్పట్లు కూడా కొడతాడండి."

"మాకాడ చప్పట్లు కొట్టరు బాబూ, మెమో కొడతారు" అంది నూకరత్నం.

పందెం రోజు పొద్దున్న సన్నగా తుంపర. గాలి చూస్తే మనిషిని వెనక్కి తోసేసేలా ఉంది. గొడుగుల కింద ఊరి బ్యాండువాళ్ళు బాకాలు ఊదుతున్నారు. బంగాళాదుంప వేపుళ్ళ బండి దగ్గర అంత పొద్దున్నే జనం మూగి ఉన్నారు. తుపాకీ పేలింది. ఊరు ఊరంతా, ముసలీ ముతకాతో సహా, గలగలమంటూ ఉరికింది. చూస్తుండగానే వీధి ఖాళీ అయిపోయింది.

మిగిలింది నాగావళిపురం బృందం. కమిషనర్ గారు ముందు ఫొటో దిగారు. తరవాత కాలు కదిపారు. వరస కదిలింది. రోడ్డుకి రెండు పక్కలా నిలబడ్డ జనం ఇదేదో భారతదేశపు పవిత్ర ఊరేగింపనుకుని టోపీలు తీసి గౌరవించారు. ఒక ముసలావిడ సిలువ గుర్తు కూడా వేసుకుంది. "చూశారా మన క్రమశిక్షణకి ఎలాంటి స్పందన వస్తోందో!" అన్నారు భుజంగరావు గారు వెనక్కి తిరక్కుండానే.

నూకరత్నం ఆయన వీపు చూస్తూ కాళ్ళీడ్చింది. ముందు రంగురంగుల చొక్కాల గుంపు చుక్కల్లా అయిపోయి, పాత బొగ్గుగనుల మసిదిబ్బ మలుపు తిరిగి మాయమైపోయింది. ఆమె ఉద్యోగం కూడా ఆ మలుపు తిరిగి వెళ్ళిపోతోంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువగా కోపమొచ్చింది. పడమటి దేశం దాకా తీసుకొచ్చి, పరుగు వచ్చినదాన్ని పట్టుకుని, నడక రానివాళ్ళ వెనక కట్టేశారు కదా అని పళ్ళు నూరుకుంది. మొదటి మంచినీళ్ళ బల్ల దగ్గర కమిషనర్ గారు ఆగి, నారింజ తొన వలిపించుకుని తిన్నారు. మిగతా తొమ్మిది మందీ కాళ్ళాడిస్తూ తొనలు తిన్నారు. ఆమె తినలేదు.

అప్పుడు వెనకనుంచి బండి చప్పుడైంది.

ఒక పోలీసు మోటారు సైకిలు, దాని వెనక తెల్లటి వ్యాను. వ్యాను నెత్తిన పచ్చలైటు గిర్రున తిరుగుతోంది. ఆ లైటు పక్కన, రిబ్బను కట్టిన నిలువెత్తు చీపురు నిటారుగా నిలబడి ఉంది. నడిపేది మదాం ఓడిల్ అనే నెరిసిన జుట్టు ఆవిడ, ఆ ఊళ్ళో మందుల కొట్టు పెట్టుకుని ఈమధ్యే అమ్మేసింది. పక్క సీట్లో సూరిబాబు. పరుగులో వెనకబడిపోయినవాళ్ళని, ఇక మా వల్ల కాదన్నవాళ్ళని ఎక్కించుకు వచ్చే బండి అది. ఊడ్చుకొస్తుంది కాబట్టి చీపురు కట్టారు. అక్కడ చిన్నపిల్లాడికి కూడా ఆ సంగతి తెలుసు.

నాగావళిపురం వాళ్ళకి తెలిసింది మాత్రం వేరు. పైలట్ బండి, వెనక లైటు తిరిగే వాహనం, మెల్లగా, ఒక మనిషి వెనకే, ఆ మనిషి అడుగులకి తగ్గట్టు. దాన్ని వాళ్ళు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఒకే పేరుతో పిలుస్తున్నారు. కాన్వాయ్.

కమిషనర్ గారు ఆగిపోయారు. వరస ఆగిపోయింది.

"ఆ కాన్వాయ్ ఎవరి వెనక వస్తోంది?"

భుజంగరావు గారే వెనక్కి తిరిగి చూసి చెప్పారు. "నూకరత్నం వెనక సార్."

"కుక్కల సెక్షన్ మనిషికి ఎస్కార్టా?"

సూరిబాబు వ్యాను దిగి పరుగెత్తుకొచ్చాడు. "అది కాదండి బాబూ, అది చీపురు బండండి. ఎనకబడిపోయినోళ్ళని..."

"సూరిబాబు గారూ, మీరు అనువాదం వరకే చూసుకోండి. వ్యాఖ్యానం మేం చేసుకుంటాం" అన్నారు కమిషనర్ గారు.

"చీపురంటే మున్సిపాలిటీ చిహ్నం సార్" అన్నారు హెల్త్ ఆఫీసరు గారు భక్తిగా. "స్నేహనగరం నుంచి వచ్చినవారికి గౌరవసూచకంగా కట్టుంటారు."

తుంపర్లో, రోడ్డు మధ్యన, అత్యవసర సమావేశం జరిగింది. కాన్వాయ్ ఎప్పుడైనా ఉన్నవాళ్ళలోకెల్లా పెద్దవారి వెంట ఉండాలి. ఇక్కడది చివరివారి వెంట ఉంటోంది. కనుక ఈ దేశపు సంప్రదాయంలో చివరి స్థానమే అగ్రస్థానం. కనుక కమిషనర్ గారు చివర ఉండాలి. కనుక హోదా తగ్గేకొద్దీ ముందుకి పోవాలి. తర్కంలో ఎక్కడా బెజ్జం లేదు. తొమ్మిది నోళ్ళూ ఒక్కసారే "కరెక్ట్ సార్" అన్నాయి.

"నూకరత్నం, నువ్వు ముందుకి నడు" అన్నారు భుజంగరావు గారు.

"ఎంత ముందుకి సార్?"

"మా అందరికంటే ముందుకి."

"అక్కడ ఊరోళ్ళు శానామంది ఉన్నారు సార్."

ఆయన దుబాసీ వైపు తిరిగారు. "సూరిబాబు గారూ, వాళ్ళ కేడరేమిటి?"

"కేడరేటండీ? ఒకాయనకి రొట్టెల కొట్టుందండి. ఒకావిడ పళ్ళ డాక్టరండి. బడి మేష్టార్లు, రైతులు..."

"అంటే అందరూ నీకంటే పైవాళ్ళే" అని తేల్చారు భుజంగరావు గారు. "ఔట్‌సోర్సింగ్ కింద ఇంక కేడరంటూ లేదు. నీ కింద ఎవరూ లేరు కాబట్టి నీ ముందు ఎవరూ ఉండటానికి వీల్లేదు. ఉంటే అది రూల్సుకి విరుద్ధం."

నూకరత్నం ఒక కాలు ముందుకి వేసింది. "ఆర్డరేనా సార్?"

"ఆర్డరే."

"మళ్ళీ మాట మార్చరు కదా?"

"ప్రభుత్వం మాట మార్చదు. సవరిస్తుంది. వెళ్ళు."

సవరించేలోపు ఆమె మసిదిబ్బ దాటేసింది.

ఓలమ్మ, ఆ పరుగు చూడాలి! గాలి ఎదురుగా కొడుతుంటే తల వంచుకుని దూసుకుపోయింది. రొట్టెల కొట్టాయన్ని దాటింది. పళ్ళ డాక్టరుని దాటింది. పొలాల మధ్య, ఇటుకిళ్ళ మధ్య, రాళ్ళు పరిచిన వీధుల్లో ఒక్కొక్క వీపునీ వెనక్కి నెట్టుకుంటూ పోయింది. రోడ్డు పక్క జనం పద పదమంటూ "అలే! అలే!" అని అరుస్తుంటే, మా ఊరి ఆడోళ్ళు "ఒలే, ఒలే" అన్నట్టే ఉందని నవ్వుకుంది. కాళ్ళు పచ్చిపుండ్లయ్యాయి. చివర్లో కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా ఆమెకు ఎంత సంతోషంగా ఉందంటే, ఎవరి వీపూ చూడకుండా, ఎవరి ఆయాసానికీ తన ఆయాసం సరిపెట్టకుండా పరుగెత్తడం ఇంత సుఖమా అని ఆశ్చర్యపోయింది. ఆడవాళ్ళలో తొమ్మిదో స్థానంలో గీత దాటి, సూరిబాబు భార్య మెడ పట్టుకుని భోరున ఏడ్చింది.

వెనక జరిగిన భాగోతం తరవాత సూరిబాబు చెప్పాడు. ఆమె వెళ్ళగానే చివరి స్థానం కోసం మిగతావాళ్ళలో లోపాయికారీ పోటీ మొదలైందట. కాన్వాయ్‌కి దగ్గరగా ఉంటే ఆ గౌరవం కాస్త తమ మీదా పడుతుందని ఇంజనీరు గారు బూటు తాడు కట్టుకునే మిష మీద వంగారు. వెంటనే అదనపు కమిషనర్ గారికి పిక్క పట్టేసింది. అది గమనించి కమిషనర్ గారు ఏకంగా నిలబడిపోయారు. ఆయన నిలబడ్డారని అందరూ నిలబడ్డారు. పరుగు పందెం కాస్తా పెళ్ళి ఫొటో అయిపోయింది. మదాం ఓడిల్ చూసి చూసి, పాపం వీళ్ళ పని అయిపోయిందనుకుని, దిగొచ్చి కమిషనర్ గారికి స్వయంగా తలుపు తీసింది. కారు తలుపు ఎవరైనా తీస్తే ఎక్కకుండా ఉండటం ఆయన చేతుల్లో లేని పని. ఎక్కారు. ఆవిడ ఆయన ఛాతీ మీది నంబరు ఊడదీసి సంచిలో వేసుకుంది. పరుగు మానుకున్నవాళ్ళకి అక్కడ అలా నంబరు తీసేస్తారు. "పెద్దవాళ్ళకి నంబర్లు తగిలించడం ఇక్కడ మర్యాద కాదన్నమాట" అని కమిషనర్ గారు మెచ్చుకున్నారు. మిగతా తొమ్మిది మందీ హోదా ప్రకారం వెనక సీట్లలో సర్దుకున్నారు.

నాగావళిపురం తిరిగొచ్చాక నూకరత్నం పతకం మెడలో వేసుకుని మరీ ఆఫీసుకి వెళ్ళింది. భుజంగరావు గారు ఆమెను కూర్చోమనలేదు గానీ, ఫ్యాను మాత్రం వేశారు.

"నీ విషయం కమిటీ కూలంకషంగా పరిశీలించింది. ఉత్తర్వులో మొదటి పది స్థానాలన్నారు. కానీ మొదలు ఎటునుంచి అన్నది చెప్పలేదు."

"అదేటి సార్! మొదలంటే ముందునుంచే కదా?"

"మన దగ్గర. బ్రెలికూర్‌లో అగ్రస్థానం చివర ఉంటుంది. మనం కళ్ళారా చూశాం. పరుగు జరిగిన చోటి సంప్రదాయం ప్రకారమే స్థానాలు లెక్కించాలి. అలా లెక్కిస్తే మొదటి పది స్థానాలూ మన అధికారులవే. కమిషనర్ గారిది ప్రథమ స్థానం. నాకు పదోది." ఆయన వినయంగా తల వంచుకున్నారు. "పది మందికీ క్రీడా ప్రోత్సాహకం కింద ఒక్కో ఇంక్రిమెంటు మంజూరైంది. నువ్వు ఆ పదిలో లేవు."

"వాళ్ళు బండెక్కేసినారు సార్! పరుగు పూర్తే సెయ్యనేదు!"

"పూర్తి చేయకపోవడమంటే చివరితనానికి పరాకాష్ఠ."

నూకరత్నం కళ్ళ నీళ్ళు తిరిగాయి. "సార్, మీరే కదా ముందుకి పొమ్మన్నారు?"

"పొమ్మన్నాం. ఆజ్ఞ పాటించావు. అది నీ సర్వీసులో మంచి మాటే. కానీ నెలాఖరు తరవాత నీకు సర్వీసు ఉండదు కాబట్టి రాయడానికి చోటు లేదు."

ఆమె పతకం తీసి గుప్పిట్లో పెట్టుకుని బయటికొచ్చేసింది. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లు అచ్చులో పట్టవు.

నెలాఖరుకి ఉద్యోగం పోయింది. కొత్త ఏజెన్సీ మీద పాత ఏజెన్సీ కోర్టుకెళ్ళింది. కుక్కలు హాయిగా తిరిగాయి. ఇటు కమిషనర్ గారికి ఉత్సాహం ఆగలేదు. ఫ్రెంచి పద్ధతిలో నాగావళిపురం మారథాన్ ప్రకటించారు. సిబ్బంది అంతా పాల్గొని తీరాలి. చీపురు కట్టిన కొత్త వ్యాను సిద్ధమైంది. జెండా ఊపడానికి మంత్రిగారు వేంచేశారు.

మంత్రిగారు జెండా ఎత్తారు. ఒక్క కాలు కదల్లేదు.

ముందు ఉండేవాడు అందరికంటే చిన్నవాడు. మరి ఎవరు చిన్న? గుమస్తాలు అటెండర్లని చూశారు. అటెండర్లు స్వీపర్లని చూశారు. "మాది పర్మినెంటు ఉద్యోగం బాబూ, ముందెందుకు నిలబడతాం? మా పరువేం కాను?" అన్నారు స్వీపర్లు. ఔట్‌సోర్సింగ్ వాళ్ళు ఒక్కరైనా ఉంటే పీడా పోవును. కోర్టు గొడవలో ఒక్కరూ లేరు. "మీరు పదండి", "అబ్బే, తమరు పదండి" అని మొదలైన మర్యాద చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. ఎండ ముదిరింది. ఎత్తిన జెండా దించితే అపశకునమని పీఏ చెవిలో చెప్పడంతో మంత్రిగారు చెయ్యి అలాగే పెట్టుకుని చెమటలు కక్కుతున్నారు.

భుజంగరావు గారు చీపురు బండెక్కి నూకరత్నం ఇంటికి పరుగున వచ్చారు. ఆమె వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడి ఉంది.

"నూకరత్నం! నువ్వు అర్జెంటుగా వచ్చి ముందు నిలబడాలి."

"నానెందుకు సార్? నాను మీ మనిషిని కాదుగా."

"అదే చిక్కు. ఉద్యోగంలో లేనిదానివి వరసలో ఉండకూడదు."

"అలగైతే పర్మినెంటు సేసి తీసుకెళ్ళండి."

"పర్మినెంటు చేస్తే నువ్వు ముందు ఉండకూడదు!" జన్మలో మొదటిసారి రూల్సే ఆయన పీక పట్టుకున్నాయి.

నూకరత్నం బిందె దించింది. ఆయన మొహం చూస్తే జాలేసింది గానీ, తన మొహం మీద ఎవరూ జాలిపడలేదని గుర్తొచ్చి దాన్ని దిగమింగింది. "గీత దాటీదాకా ఔట్‌సోర్సింగు. గీత దాటిన తక్షణం పర్మినెంటు. అలగని కాయితం మీద సంతకం ఎట్టించండి. కాయితం ముందు, కాలు తరవాత."

"ఇలాంటి ఉత్తర్వు చరిత్రలోనే లేదమ్మా!"

"మంత్రిగారి సెయ్యి ఎంతసేపుంటాది సార్ అలగ?"

మనవాళ్ళతో ఏ పని కావాలన్నా మంత్రిగారి చెయ్యి నొప్పి పుట్టాలి. పుట్టింది. సంతకమయ్యింది. కాయితం మొగుడి చేతికిచ్చి, ఆమె వచ్చి గీత మీద నిలబడింది. జెండా దిగింది. నూకరత్నం ఊరంతా చుట్టి గీత దాటే సరికి, మిగతా సిబ్బంది ఇంకా మొదటి సందులోనే ఒకరి వెనక ఒకరు చేరడానికి కుమ్ములాడుకుంటున్నారు. ఆ రాత్రి ఆ ఇంట్లో చాన్నాళ్ళకి కోడి కూర వండుకున్నారు.

ఏడాది తిరిగింది. కోర్టు గొడవ తేలి కొత్త ఏజెన్సీ పిల్లలు వచ్చారు. మళ్ళీ మారథాన్ వచ్చింది. జెండా దిగగానే ఆ పిల్లల్లోంచి బక్కపల్చటి అమ్మాయి ఒకతె బాణంలా ఉరికింది. వరస మధ్యలో నిలబడ్డ నూకరత్నం చూసింది. కాళ్ళు ఊరుకోలేదు. ఏం చేస్తున్నానో తెలిసేలోపే ఆమె ముందు నలుగురినీ తోసుకుని రోడ్డెక్కేసింది. గాలి మొహానికి తగిలింది. ఆ పిల్లని అందుకుంది, దాటబోయింది.

పక్కన చీపురు బండి వచ్చి ఆగింది. భుజంగరావు గారు తల బయటపెట్టారు.

"నూకరత్నం గారూ! ఏమిటండీ ఇది? తమరిప్పుడు పర్మినెంటు."

అంత పెద్దాయన ఆమెను 'గారూ' అని పిలవడం అదే మొదటిసారి. నూకరత్నానికి మంచంలోంచి లేచి ఇప్పుడిప్పుడే కర్రతో నడుస్తున్న మొగుడు గుర్తొచ్చాడు. బడి సంచీ తగిలించుకున్న పిల్ల గుర్తొచ్చింది. కాళ్ళు ఆగిపోయాయి. ఆ బక్క పిల్ల వీపు దూరమవుతుంటే కళ్ళార్పకుండా చూసింది. తరవాత వెనక్కి తిరిగి, నడుచుకుంటూ వెళ్ళి, వరసలో తన చోట నిలబడింది. వెనక పైవాళ్ళు ఆగి ఉన్నారు కాబట్టి, అక్కడికక్కడే కాళ్ళాడించింది.

ఆ ఏడు ఉత్తమ ఉద్యోగి పురస్కారం ఆమెకే ఇచ్చారు. క్రీడల విభాగంలో.